చవక కంప్యూటరును ఎంతవరకు నమ్మవచ్చు?

(పాల సంఘాల కార్యదర్శులకు, పాలకవర్గ సభ్యులకు, పాలు పోసే సభ్యులందరికీ)

ఈనాడు అనేక పాల సంఘాల్లో సేకరణ బల్ల మీద కాటా, పాల పరీక్ష యంత్రం, వాటి పక్కన ఒక కంప్యూటరు కనిపిస్తున్నాయి. గుజరాత్‌లోని ఆణంద్ ప్రాంతపు సంఘాల్లో 1990 తర్వాతి దశాబ్దంలోనే ఈ మూడింటినీ కలిపి, పాలు పోసిన వెంటనే సభ్యుని చేతికి చీటీ ఇచ్చే పద్ధతి అమలులోకి వచ్చింది. క్రమంగా అది మిగిలిన రాష్ట్రాలకూ వ్యాపించింది. తాను ఎన్ని లీటర్లు పోసిందీ, వెన్నశాతం ఎంత వచ్చిందీ, ఎంత డబ్బు రావాలో సభ్యుడికి అక్కడికక్కడే తెలియడం ఈ పద్ధతి వల్ల కలిగిన పెద్ద మేలు.

అయితే మన సంఘాల ఆదాయం పరిమితమైనది. పాలకవర్గ సమావేశంలో కంప్యూటరు కొనే తీర్మానం వచ్చినప్పుడు, సహజంగానే అందరి చూపూ తక్కువ ధర మీదకే పోతుంది. కొందరు కొత్తవాటిలో చవకైనది తీసుకుంటారు. కొందరు పట్నంలో కార్యాలయాలు వాడి అమ్మివేసిన యంత్రాన్ని, బాగుచేయించి అమ్ముతుంటే తీసుకుంటారు. ఆ తర్వాత ఎవరో ఒకరు తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇది ఎన్నాళ్ళు పనిచేస్తుంది?"

దుకాణదారు ఒక మాట చెబుతాడు. పక్క ఊరి కార్యదర్శి మరొక మాట చెబుతాడు. ఈ పాఠంలో ఆ ప్రశ్నకు సమాధానం ఎలా వెదకాలో, చవక యంత్రాల్లో ఏ భాగాలు ముందుగా చెడతాయో, అవి చెడినా సభ్యుని లెక్క చెడకుండా ఏం చేయాలో తెలుసుకుందాం.

యంత్రం ఆగితే నష్టం ఎవరికి?

కంప్యూటరు ధర పదిహేను వేలో ముప్పై వేలో ఉంటుంది. అందులో దాచిన లెక్క విలువ అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఒక ఉదాహరణ తీసుకుందాం. 120 మంది సభ్యులున్న సంఘంలో రెండు పూటలా అందరూ పాలు పోస్తే రోజుకు 240 నమోదులు జరుగుతాయి. బిల్లు పదిహేను రోజులకు ఒకసారి. పద్నాలుగో రోజు రాత్రి డిస్కు చెడిపోయిందనుకుందాం. ఒక్కసారిగా 3,360 నమోదులు పోతాయి.

అప్పుడేం జరుగుతుంది? చీటీలు దాచుకున్నవారు చీటీలు తెస్తారు. దాచుకోనివారు జ్ఞాపకం మీద చెబుతారు. కార్యదర్శి సగటు వేసి బిల్లు కడతాడు. మంచి వెన్నశాతం వచ్చినవారికి అన్యాయం జరిగిందన్న అనుమానం మిగులుతుంది. ఒకసారి అనుమానం పుట్టిన చోట, ఇంటి ముందుకే వచ్చి పాలు కొనే ప్రైవేటు వ్యాపారికి దారి సులువవుతుంది. రోజుకు మూడు లీటర్లు పోసి, ఆ బిల్లుతోనే దాణా బాకీ తీర్చుకునే కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు.

కనుక "ఈ కంప్యూటరు నమ్మదగినదేనా?" అనే ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. యంత్రం ఎన్నాళ్ళు నడుస్తుందన్నది మొదటిది. యంత్రం ఆగిన రోజున లెక్క భద్రంగా ఉంటుందా అన్నది రెండోది. మొదటిదానికి కొంతవరకే మనం బాధ్యులం. రెండోది పూర్తిగా మన చేతిలో ఉన్నది.

వాడినవారి మాట ఎలా వినాలి?

ఏ వస్తువు కొనాలన్నా ముందు వాడినవారిని అడగడం మంచి అలవాటు. గేదెను కొనేటప్పుడు కూడా ఎన్నో ఈత, ఏ పూటకు ఎన్ని పాలు అని అడుగుతామే తప్ప "మంచిదేనా?" అని ఒక్క మాటతో సరిపెట్టుకోము. కంప్యూటరు విషయంలోనూ అంతే.

కొని మూడు నెలలే అయినవాడు "బ్రహ్మాండంగా ఉంది" అంటే, అది మూడు నెలల అనుభవం మాత్రమే. మొదటి వారంలోనే చెడిపోయినవాడు "ఆ కంపెనీ జోలికి పోవద్దు" అంటే, అది ఒక్క యంత్రం మాట మాత్రమే. పదేళ్ళ నాటి యంత్రం ఇంకా నడుస్తోందని చెప్పేవాడు ఎదురుగా ఉంటాడు. అదే సంవత్సరం కొని, చెడిపోతే పాత సామానుకు అమ్మేసినవాడు మన కంటికి కనిపించడు. అందుచేత ఒకరిద్దరి మాట మీద తీర్పు చెప్పుకోకూడదు. ఎక్కువమంది అనుభవాన్ని ఒకచోట చేర్చి చూడాలి.

అలా చేర్చి చూసిన సందర్భాలు ఉన్నాయి. 2007లో తైవానుకు చెందిన ఆసుస్ కంపెనీ 'ఈ పీసీ' అనే చిన్న లాప్‌టాప్ తెచ్చిన తర్వాత నెట్‌బుక్‌లనే చవక యంత్రాలు ప్రపంచమంతటా విరివిగా అమ్ముడయ్యాయి. స్క్వేర్‌ట్రేడ్ అనే అమెరికా వారంటీ సంస్థ 2009లో తన దగ్గర వారంటీ తీసుకున్న 30,000కు పైగా లాప్‌టాప్‌ల మరమ్మతు లెక్కలను పరిశీలించింది. మొదటి ఏడాదిలో యంత్రలోపం వల్ల చెడినవి ఖరీదైన లాప్‌టాప్‌లలో నూటికి 4.2, చవక లాప్‌టాప్‌లలో 4.7, నెట్‌బుక్‌లలో 5.8గా తేలాయి. అంటే చవకవి కొంచెం ఎక్కువగా చెడ్డాయి కాని, జనం అనుకునేంత తేడా లేదు.

అదే పరిశీలనలో మరి రెండు సంగతులు బయటపడ్డాయి. కంపెనీకీ కంపెనీకీ ఉన్న తేడా, ధరల మధ్య ఉన్న తేడా కన్నా పెద్దది. మూడేళ్ళలో కొన్ని కంపెనీల యంత్రాలు నూటికి 16 చెడతాయని, మరి కొన్నిటివి 25కు మించి చెడతాయని అంచనా వచ్చింది. ఇక మొత్తం మీద మూడేళ్ళలో నూటికి 31 లాప్‌టాప్‌లు ఏదో ఒక కారణంతో పాడవుతాయనీ, అందులో 11 దాకా కింద పడడం, నీళ్ళు పడడం వంటి ప్రమాదాల వల్లనేననీ తేలింది. అంటే చెడిన ప్రతి మూడింటిలో ఒకటి యంత్రం తప్పు కాదు, వాడకంలోని అజాగ్రత్త.

ఇవి 2009 నాటి, వేరే దేశపు అంకెలు. మన పల్లెలకు యథాతథంగా వర్తించవు. అయినా వాటిలోని పాఠం మనకు పనికివస్తుంది. తక్కువ ధర అనగానే భయపడనక్కరలేదు. యంత్రాన్ని పెట్టే చోటు, వాడే పద్ధతి కూడా ధరతో సమానంగా లెక్కలోకి వస్తాయి.

ముందుగా చెడే భాగాలు

కంప్యూటరు అనగానే అందులోని ప్రాసెసరు, అంటే లెక్కలు చేసే చిప్పు, గుర్తుకు వస్తుంది. నిజానికి అది చాలా అరుదుగా చెడుతుంది. యంత్రాన్ని ఆపేవి దాని చుట్టూ ఉన్న చిన్నాచితకా భాగాలు.

1. పవర్ సప్లై. గోడ ప్లగ్గు నుంచి వచ్చే 230 వోల్టుల కరెంటును చిన్న వోల్టేజికి మార్చి లోపలి భాగాలకు ఇచ్చే పెట్టె ఇది. ధర తగ్గించాలనుకున్న తయారీదారు తరచుగా చేయిపెట్టేది ఇక్కడే. ఇందులోనూ, మదర్ బోర్డు మీదా చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్లు ఉంటాయి. వాటి లోపలి ద్రవం వేడికి క్రమంగా ఆరిపోతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే వీటి ఆయుర్దాయం సుమారు సగమవుతుందని ఇంజనీర్లు లెక్కగడతారు. 2000 తర్వాతి కొన్నేళ్ళలో నాసిరకం కెపాసిటర్ల వల్ల పేరున్న కంపెనీల కంప్యూటర్లు కూడా పెద్ద సంఖ్యలో చెడిపోయాయి. పై మూత చదునుగా ఉండక ఉబ్బి ఉన్నా, గోధుమరంగు జిగురు కారి ఉన్నా ఆ కెపాసిటరు పని అయిపోయినట్లే.

2. హార్డ్ డిస్కు. లెక్కలన్నీ దాగి ఉండేది ఇక్కడే. 2007లో గూగుల్ సంస్థ ఇంజనీర్లు తమ వద్ద నడుస్తున్న లక్షకు పైగా డిస్కుల అనుభవాన్ని ప్రకటించారు. మొదటి ఏడాదిలో ఉన్న డిస్కులు సంవత్సరానికి నూటికి 1.7 చొప్పున చెడితే, మూడో ఏడాదికి చేరినవి 8.6 చొప్పున చెడ్డాయి. డిస్కు తన ఉపరితలాన్ని తాను తనిఖీ చేసుకునేటప్పుడు మొదటి తప్పు కనిపించిన తర్వాత, 60 రోజులలోపు చెడిపోయే అవకాశం తప్పులేని డిస్కు కన్నా 39 రెట్లు ఎక్కువ. అయితే చెడిన డిస్కులలో మూడోవంతుకు పైగా ముందుగా ఏ హెచ్చరికా చూపలేదు. కాబట్టి "ఏదైనా గుర్తు కనిపిస్తే అప్పుడు చూద్దాం" అనుకోవడం సరికాదు.

ఇప్పుడు తిరిగే డిస్కులకు బదులు ఎస్.ఎస్.డి. అనే కదలని డిస్కులు వస్తున్నాయి. ఇవి వేగమైనవి, కుదుపులకు తట్టుకుంటాయి. కాని ఇవి చెడేటప్పుడు శబ్దం చేయవు. నిన్న బాగున్నది నేడు కనిపించకుండా పోవచ్చు.

3. నాణెం ఆకారపు బ్యాటరీ. మదర్ బోర్డు మీద గుండ్రని 3 వోల్టుల చిన్న బ్యాటరీ ఉంటుంది. కరెంటు లేనప్పుడు తేదీ, సమయం నడిచేది దీనితోనే. పాత యంత్రాల్లో ఇది అయిపోయి ఉంటుంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కి పోతుంది. మామూలు ఇంట్లో అది చిన్న ఇబ్బంది. పాల సంఘంలో ఆ పూట పాలన్నీ తప్పు తేదీ కింద నమోదై, బిల్లులో రాకుండా పోతాయి. కొద్ది రూపాయల బ్యాటరీని సకాలంలో మార్చితే ఈ చిక్కు ఉండదు.

4. ఫ్యాను. దుమ్ము, దాణా పొడి పేరుకుంటే ఫ్యాను తిరగడం తగ్గుతుంది. లోపల వేడెక్కి యంత్రం తనంత తానే ఆగిపోతుంది. చాలామంది దీన్ని పెద్ద లోపమనుకుంటారు. దుమ్ము దులిపితే మళ్ళీ నడుస్తుంది.

5. తీగలు, కలిపే చోట్లు. పాత కాటాలు, పరీక్ష యంత్రాలు సీరియల్ పోర్టు అనే పాతరకం రంధ్రం ద్వారా కంప్యూటరుకు కలుస్తాయి. కొత్త చవక కంప్యూటర్లలో ఆ రంధ్రం ఉండదు. మధ్యలో ఒక మార్పిడి తీగ వేస్తారు. అది వదులైతే కాటా మీద బరువు కనిపిస్తుంది కాని తెర మీదకు రాదు. కంప్యూటరు చెడిందని మెకానిక్కును పిలవడానికి ముందు ఈ తీగను ఊడదీసి తిరిగి బిగించి చూడాలి.

అరచేతి కంప్యూటరు చెప్పిన పాఠం

చవక కంప్యూటర్లలోకెల్లా పేరొందినది 'రాస్ప్‌బెర్రీ పై'. పిల్లలకు కంప్యూటరు నేర్పే ఉద్దేశంతో బ్రిటన్‌లో రూపొంది, 2012 ఫిబ్రవరిలో 35 డాలర్ల ధరతో అమ్మకానికి వచ్చిన అరచేతి సైజు బోర్డు ఇది. దీనిని కొన్న లక్షల మంది అనుభవంలో ఎక్కువగా వినిపించిన ఫిర్యాదులు రెండు. సెల్‌ఫోను చార్జరు వంటి నాసి పవర్ సప్లైతో నడిపితే వోల్టేజి చాలక యంత్రం తడబడడం ఒకటి. రాస్తున్న సమయంలో కరెంటు పోతే, లెక్కలు దాచే చిన్న కార్డు పాడైపోవడం రెండోది. వోల్టేజి తగ్గితే తెర మూలన మెరుపు గుర్తు చూపే ఏర్పాటు కూడా అందుకే పెట్టారు.

గమనించండి. రెండు ఫిర్యాదుల్లోనూ బోర్డు తప్పు లేదు. దానికి పెట్టిన కరెంటు, దానికి తగిలించిన కార్డు మీదే సమస్య అంతా ఉన్నది. కంప్యూటరు ఎంత చవకదైనా మంచి కరెంటు ఇస్తే, ఆపవలసిన పద్ధతిలో ఆపితే చాలాకాలం పనిచేస్తుంది. ఎంత ఖరీదైనదైనా వీటిలో లోపం చేస్తే త్వరగా మూలపడుతుంది.

సేకరణ కేంద్రంలో ఉండే శత్రువులు

పట్నపు ఆఫీసులో పదేళ్ళు నడిచిన యంత్రం మన కేంద్రంలో రెండేళ్ళకే ఆగిపోతే ఆశ్చర్యం లేదు. ఇక్కడి పరిస్థితులు వేరు. మొదటి శత్రువు కరెంటు. సాయంత్రం పూట మోటార్లు నడిచేటప్పుడు వోల్టేజి పడిపోతుంది. ఉరుములు మెరుపులప్పుడు ఒక్కసారి ఎగురుతుంది. కరెంటు పోవడం కన్నా, పోయినది తిరిగి వచ్చేటప్పటి కుదుపు యంత్రాన్ని ఎక్కువ దెబ్బతీస్తుంది.

రెండోది ఎర్తింగ్ లేకపోవడం. మూడు కాళ్ళ ప్లగ్గు ఉన్నంత మాత్రాన ఎర్తింగ్ ఉన్నట్లు కాదు. కంప్యూటరు పెట్టె ఇనుము తాకితే చేతికి చిన్న జిలజిల తెలిసిందంటే ఎర్తింగ్ లేదన్నమాట. తడి నేల మీద నిలబడి పనిచేసే చోట ఇది మనిషి ప్రాణానికి కూడా ప్రమాదం. తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో మీటరు పెట్టి చూపించాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులకు మించి ఉండకూడదు. ఎండాకాలంలో ఎర్తింగ్ గుంటలో నీళ్ళు పోయడం మరచిపోకూడదు.

మూడోది నీరు. క్యాన్లు కడిగే చోటికి, కంప్యూటరు బల్లకు మధ్య దూరం ఉండాలి. పాలు ఒలికితే ఇంకా చెరుపు. ఆరినా చక్కెర, కొవ్వు మిగిలి చీమలను పిలుస్తాయి. వెచ్చగా ఉంటుందని బల్లి పవర్ సప్లైలో దూరడం, అది తీగల మధ్య చిక్కుకుని యంత్రం కాలిపోవడం మన ప్రాంతంలో అందరికీ తెలిసిన విషయమే. పెట్టె వెనుక విరిగిన రేకులు, ఖాళీ సందులు ఉంటే మూయించాలి. గాలి పోయే రంధ్రాలను మాత్రం మూయరాదు.

యు.పి.ఎస్. తప్పనిసరి. మామూలుగా దొరికే 600 వి.ఏ. యు.పి.ఎస్.లో 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది కొద్ది నిమిషాల సేపే నిలబెడుతుంది. ఆ నిమిషాలు పాల సేకరణ కొనసాగించడానికి కావు. నమోదును పూర్తిచేసి, యంత్రాన్ని సక్రమంగా ఆపడానికి. మన వేడికి ఆ బ్యాటరీ రెండు మూడేళ్ళకు మించి రాదు. నెలకొకసారి, సేకరణ లేని సమయంలో, గోడ స్విచ్చి ఆపి ఎన్ని నిమిషాలు నిలుస్తుందో చూసి రాసిపెట్టుకోవాలి. ప్రింటరును యు.పి.ఎస్.కు తగిలించకుండా ఉంటే బ్యాటరీ మీద భారం తగ్గుతుంది.

కొనేముందు చూడవలసినవి

వాడిన కంప్యూటరు కొనడం తప్పుకాదు. కార్యాలయాల కోసం తయారైన యంత్రాలు గట్టివి, విడిభాగాలు దొరుకుతాయి. అయితే ఈ విషయాలు చూడాలి:

– తయారైన సంవత్సరం ఎంత? డిస్కు కొత్తదా, పాతదా? పాతదైతే కొత్త డిస్కు వేయించి తీసుకోవాలి. యంత్రం పాతదైనా లెక్క దాచే డిస్కు కొత్తదై ఉండాలి.

– రాతపూర్వకమైన వారంటీ ఎన్ని నెలలు? మరమ్మతుకు యంత్రాన్ని మనమే పట్నానికి మోసుకుపోవాలా, వారు వస్తారా?

– కాటా, పరీక్ష యంత్రం ఆ కంప్యూటరుకు కలుస్తాయా? దుకాణంలో మాటగా కాక, కేంద్రానికి తెప్పించి రెండు పూటలు నడిపి చూసిన తర్వాతే డబ్బు పూర్తిగా చెల్లించాలి.

– ఏ విండోస్ ఉన్నది? విండోస్ 7కు కంపెనీ మద్దతు 2020 జనవరి 14న, విండోస్ 10కు 2025 అక్టోబరు 14న ముగిసింది. కొన్ని పాత యంత్రాలు కంపెనీ నిబంధనల ప్రకారం విండోస్ 11కు పనికిరావు. ఇంటర్నెట్టుకు కలిపే యంత్రమైతే ఈ విషయం తప్పక చూసుకోవాలి.

ధరను ఒక్క అంకెగా చూడకుండా ఏడాదికి ఎంత పడుతుందో చూడాలి. లెక్క సులువు కోసం, వాడిన యంత్రం 15,000 రూపాయలు, మూడేళ్ళు నడుస్తుందనుకుంటే ఏడాదికి 5,000 పడుతుంది. కొత్తది 36,000 రూపాయలు, ఆరేళ్ళు నడుస్తుందనుకుంటే ఏడాదికి 6,000 పడుతుంది. పెద్ద తేడా లేదు. మీ ఊరి ధరలు వేసుకుని మీరే చూడండి. చవకది కొంటే చేతిలో మిగిలిన 21,000 రూపాయలను వేరే పనులకు ఖర్చుచేయకుండా ఎర్తింగ్, యు.పి.ఎస్., కొత్త డిస్కు, ఒక అదనపు పవర్ సప్లై కోసం వాడితేనే ఆ చవక నిజమైన చవక అవుతుంది. లేకపోతే పగ్గానికి వెనుదీసి గేదెను పోగొట్టుకున్నట్లే.

లెక్కను కాపాడే ఏర్పాటు

యంత్రం ఎప్పుడో ఒకప్పుడు చెడుతుంది. ఆ రోజుకు సిద్ధంగా ఉండడానికి ఈ క్రింది పద్ధతి ప్రతి సంఘమూ పాటించదగినది.

ప్రతి పూట సేకరణ ముగియగానే ఆ పూట జాబితాను అచ్చు తీసి, టెస్టరు, కార్యదర్శి సంతకాలు చేసి ఫైలులో పెట్టాలి. వేడికి అచ్చుపడే థర్మల్ కాగితం ఎండకు, నూనె చేతికి కొద్ది నెలల్లోనే వెలిసిపోతుంది. ఫైలుకు మామూలు కాగితమే వాడాలి.

రెండు పెన్ డ్రైవులు ఉంచుకోవాలి. లెక్కను ఒక రోజు ఒకదానిలో, మరుసటి రోజు రెండోదానిలో నకలు తీయాలి. ఒకటి ఎప్పుడూ కేంద్రం బయట, కార్యదర్శి ఇంట్లో ఉండాలి. కేంద్రంలో నిప్పు, నీరు, దొంగతనం ఏది జరిగినా ఒకటి మిగులుతుంది. ఈ పెన్ డ్రైవులలో సినిమాలు, పాటలు ఎక్కించడం, వాటిని వేరే కంప్యూటర్లలో పెట్టడం చేయరాదు. వైరస్ వచ్చేది ఎక్కువగా ఆ దారినే.

నెలకొకసారి నకలును తెరిచి చూడాలి. తీసిన నకలు తెరుచుకోకపోతే అది లేనట్లే. పైన చెప్పిన 120 మంది సంఘంలో ఈ పద్ధతి ఉంటే, పద్నాలుగో రాత్రి డిస్కు చెడినా పోయేది మహా అయితే ఆ రోజు 240 నమోదులు. సంతకం చేసిన జాబితా ఉంది కాబట్టి అవి కూడా పోవు. ఒక గంట కూర్చుంటే తిరిగి ఎక్కించుకోవచ్చు.

యూనియన్ సర్వరుకు మొబైల్ నెట్‌వర్కు ద్వారా లెక్క పంపే సంఘాలు, ఆ రోజు లెక్క చేరినదో లేదో చూసుకోవాలి. నెట్‌వర్కు లేని రోజున పంపినట్లు కనిపించి ఆగిపోయిన లెక్కలు ఉండవచ్చు.

కంప్యూటరు ఆగిన పూట పాలు వెనక్కి పంపరాదు. కాటా తన తెర మీద బరువు చూపుతుంది. పరీక్ష యంత్రం తన తెర మీద వెన్నశాతం చూపుతుంది. కంప్యూటరు లేకపోయినా అవి పనిచేస్తాయి. కార్బన్ పెట్టి చీటీ పుస్తకంలో సభ్యుని ఎదుటే అంకెలు రాసి, ఒక ప్రతి అతని చేతికివ్వాలి. పరీక్ష యంత్రం కూడా ఆగితే గెర్బర్ పద్ధతి ఉన్నది. 10 మిల్లీలీటర్ల గంధకామ్లం, 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాలు వేసి చేసే ఆ పరీక్ష మన పాత టెస్టర్లకు కొత్త కాదు. బ్యూటిరోమీటర్లను అటక మీద పారేయకుండా శుభ్రంగా ఉంచాలి. కొత్త టెస్టరుకు కూడా ఆ పరీక్ష నేర్పించాలి. నిన్నటి వెన్నశాతమే నేడూ వేద్దామన్న సులువు మాట మాత్రం ఎప్పుడూ పనికిరాదు.

సహకారమే అన్నిటికన్నా మంచి వారంటీ

ఒంటరిగా ఒక కంప్యూటరు కొన్నవాడికి తన ఒక్క అనుభవమే ఉంటుంది. మనకు అలా కాదు. ఒక పాల రూటులో పది సంఘాలుంటే పది యంత్రాల అనుభవం మన సొంతం. దాన్ని రాసి ఉంచితే చాలు.

ప్రతి సంఘంలో ఒక లోపాల పుస్తకం పెట్టండి. కొన్న తేదీ, ధర, కంపెనీ, మోడలు మొదటి పేజీలో రాయండి. ఆ తర్వాత చెడిన తేదీ, చెడిన భాగం, ఎన్ని పూటలు ఆగింది, ఎవరు బాగుచేశారు, ఎంత ఖర్చయింది అన్నవి వరుసగా రాస్తూ పొండి. ఏడాదికొకసారి రూటులోని కార్యదర్శులందరూ ఈ పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే, ఏ యంత్రం మన ఎండకు, మన కరెంటుకు నిలుస్తున్నదో ఎవరినీ అడగకుండానే తెలుస్తుంది. మరొకసారి కొనేటప్పుడు దుకాణదారు మాటకన్నా అది గట్టి సాక్ష్యం.

ఇంకొక మేలు ఉన్నది. పది సంఘాలూ ఒకే మోడలు కొంటే, అందరికీ కలిపి ఒక అదనపు కంప్యూటరును పాల శీతలీకరణ కేంద్రంలో ఉంచుకోవచ్చు. ఎక్కడ యంత్రం చెడినా పాలు తీసుకుపోయే బండి మీదే మరుసటి పూటకు అది చేరుతుంది. ఒక్కొక్క సంఘానికి పడే ఖర్చు పదోవంతు. ఒంటరిగా కొన్న ఖరీదైన యంత్రం ఇవ్వలేని నమ్మకం, పదిమంది కలిసి పెట్టుకున్న చవక యంత్రం ఇవ్వగలదు.

సభ్యులు కూడా తమ వంతు చేయాలి. చీటీ తీసుకోకుండా పోవద్దు. తేదీ, లీటర్లు, వెన్నశాతం అక్కడే చూసుకోండి. బిల్లు వచ్చేవరకు చీటీలను ఒక డబ్బాలో దాచండి. తేదీ తప్పుగా ఉంటే వెంటనే కార్యదర్శికి చెప్పండి. ఇది అతనిపై అనుమానం కాదు, సంఘానికి సాయం.

గుర్తుంచుకోవలసిన మాట ఒక్కటే. యంత్రం చవకది కావచ్చు, చెడవచ్చు కూడా. సభ్యుని లెక్క మాత్రం చెడకూడదు.

అభ్యాస ప్రశ్నలు
(పాలకవర్గ సమావేశంలో చదివి చర్చించవలసినవి)

1. మన కంప్యూటరును ఏ సంవత్సరం కొన్నాము? అందులోని డిస్కు వయస్సు ఎంత?

2. ఈ రాత్రి డిస్కు చెడిపోతే ఎన్ని పూటల లెక్క పోతుంది? దానిని దేని ఆధారంతో తిరిగి రాయగలం?

3. మన కేంద్రంలో ఎర్తింగ్‌ను మీటరుతో చివరిసారి ఎప్పుడు చూపించాము?

4. యు.పి.ఎస్. ఎన్ని నిమిషాలు నిలుస్తున్నది? బ్యాటరీ మార్చి ఎన్నేళ్ళయింది?

5. కంప్యూటరు, పరీక్ష యంత్రం రెండూ ఆగిన పూట గెర్బర్ పరీక్ష చేయగలవారు మన సంఘంలో ఎంతమంది?

6. మన రూటులోని సంఘాలన్నీ కలిసి ఒక అదనపు యంత్రం పెట్టుకోవడానికి ఎవరితో మాట్లాడాలి? ఎప్పటిలోగా?

ఈ ప్రశ్నలకు సమాధానాలను మినిట్సు పుస్తకంలో రాయించి, వచ్చే సర్వసభ్య సమావేశంలో సభ్యులకు చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాము.